తాళంచెవి ఇచ్చే ముందు

కాయితాల మీద సంతకాలు అయిపోయినాయి.
డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకున్నా.
ఇంగ బండి నీదే, సుదర్శనా.
అయినా రొవ్వంతసేపు కూర్చో, టీ చెప్పినా.
ఆర్సీ బుక్కులో రాయనివి కొన్ని ఉండాయి.

పొద్దన్నే తాళం తిప్పంగానే సెల్ఫు కొట్టొద్దు.
హీటరు లైటు వెలుగుతుంది, అది ఆరిందాకా ఆగు.
పలమనేరు చలిలో అయితే రెండుసార్లు ఆగు.
పద్నాలుగేండ్ల బండి.
నిద్ర లేచినాక దానికీ ఒక నిమిషం కావల్ల.

డీజిలు ముల్లును నమ్మొద్దు.
ట్యాంకు నిండినా ఎండినా సగంలోనే నిలబడుంటాది,
పంచాయితీలో పెద్దమనిషి మాదిరి.
ఒకసారి నమ్మి
కాణిపాకం క్రాసు కాడ నిలిచిపోయినా.
క్యానుతో తెచ్చి పోసినా కదల్లేదు.
లోపల గాలి పట్టింది.
ఫిల్టరు నెత్తిన నల్ల బొడిపె ఉంటాది చూడు,
పక్కన స్క్రూ వదులు చేసి దాన్ని నొక్కతా ఉండు,
బుడగలన్నీ పోయి డీజిలు నిండుగా కారిందాకా.
బొటనవేలు వాస్తాది. అంతే.

వానాకాలం ఆ ఫిల్టరు అడుగున నీళ్లు వదిలెయ్.
బ్యాటరీ కొసల్లో తెల్లగా ఉప్పు పూస్తే
వేన్నీళ్లు పోసి, పాత పండ్ల బ్రష్షుతో రుద్ది, వాసలైను పుయ్యి.
పట్టీలకు నెలకొకసారి గ్రీజు.
మర్చిపోతే అదే గుర్తుచేస్తాది, ప్రతి గుంతలో.

పొగ మాట్లాడతాది.
నల్లగా వస్తే ఊపిరాడలేదని. ఏర్ ఫిల్టరు దులుపు.
నీలంగా వస్తే ఆయిలు తాగతా ఉండాదని.
తెల్లగా వచ్చి, వాసన తియ్యగా తగిలిందా,
ఆపెయ్. ఆలోచించద్దు.
ఇరువారంలో నన్నేసాబు షెడ్డుకు ఫోన్ చెయ్,
తాడు కట్టి లాక్కొనిపోతాడు.

మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు
వేడి ముల్లు ఎర్రగీత ముట్టుకుంటే
నువ్వు రేడియేటరు మూత ముట్టుకోవద్దు.
ఇదిగో, ఈ మోచేతి కింద చూడు.
ఆ దినం దాణా మూటలు పది ఎక్కువేసినా.
ఆశ ఒకటి, తొందర ఒకటి.
గజలక్ష్మి నెల దినాలు నాకు అన్నం కలిపి పెట్టింది,
ఒక్క మాటా అనకుండా.
అంటే బాగుండు.

దిగేటప్పుడు
ఏ గేరులో ఎక్కినావో ఆ గేరులోనే దిగు.
న్యూట్రల్‌లో దిగి మిగిలిచ్చిన డీజిలు
బ్రేకులు వడ్డీతో వసూలు చేసుకుంటాయి.

సీటు వెనక గోనెసంచిలో
స్పానర్లు, పాత బెల్టు, రెండు ఫ్యూజులు, అర సబ్బు. అన్నీ తీసుకో.
ఈ చెక్కపిడి స్క్రూడ్రైవరు మాత్రం ఇయ్యను.
కొస ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే
ఏ బేరింగు ఏడస్తా ఉండాదో చెప్తాది.
నీ చెవి నువ్వు సంపాదించుకో.

ఇంగొకటి.
ఖాళీగా ఎడమకు తిరిగేటప్పుడు
యాడో టిక్కు టిక్కు మంటాది.
పద్నాలుగేండ్లు వెతికినా. బోల్టు బోల్టూ బిగించినా.
లోడుంటే పలకదు.
దాన్ని వదిలెయ్.

*

నెలన్నరకు, రాత్రి పదకొండుకు ఫోను.
"అన్నా, మొగిలి ఘాటు.
బ్యాటరీ లైటు వెలగతా ఉండాది,
వేడి ముల్లూ లేస్తా ఉండాది."
ఫోను బానెట్టు కాడ పెట్టమంటి.
చీకట్లో, మంచం మీద,
నా చెవిలో కీచుమని దాని గొంతు.
బెల్టు జారతా ఉండాది. ఇంజను ఆపు. చల్లారనీ.
ఆల్టర్నేటరు బోల్టు వదులు చేసి,
జాకీ రాడ్డుతో వెనక్కి ఎత్తి పట్టి బిగించు.
వేలితో నొక్కితే అర అంగుళం దిగల్ల, ఎక్కువ వద్దు.

తెల్లారుజామున మళ్లీ మోగింది.
"మూటలు దించేసినా అన్నా,
టమోటా మండీకి పోతా ఉండా."
ఫోను ఆపకుండానే డాష్‌బోర్డు మీద పెట్టినట్టుండాడు.
హారను. ఎవురో కూలోళ్ల కేకలు. రెండో గేరు.
ఎడమకు తిప్పినాడు.
టిక్కు.
టిక్కు.
గజలక్ష్మి పక్కకు తిరిగి అడిగింది,
"ఎవురు, ఇంత పొద్దన్నే?"
బండి, అంటి.